రీమ్యాప్ తర్వాత క్లచ్ జారుతోంది, వేడెక్కితే గేర్ పడటం లేదు: కొత్త కిట్ వేస్తే రెండూ పోతాయా?

మీ ప్రశ్న ఇదీ: 2 లీటర్ల టర్బో పెట్రోల్ కారు, ఆరు గేర్ల మాన్యువల్. రీమ్యాప్ (ఇంజన్ కంప్యూటర్ సాఫ్ట్‌వేర్ మార్చి బలం పెంచడం) చేయించాక నాలుగో గేర్‌లో యాక్సిలరేటర్ పూర్తిగా తొక్కితే 3,000 దాటగానే ఆర్పీఎం ఎగిరిపోతోంది, వేగం మాత్రం పెరగట్లేదు. పైగా ట్రాఫిక్‌లో కాసేపు నడిపాక ఫస్టూ రివర్సూ మొరాయిస్తున్నాయి. మెకానిక్ క్లచ్ కిట్ (ప్లేట్, దాన్ని నొక్కే ప్రెషర్ ప్లేట్, రిలీజ్ బేరింగ్) మార్చేద్దాం అంటున్నారు. రెండూ ఒకే జబ్బా, కిట్‌తో రెండూ పోతాయా అన్నది మీ సందేహం.

సూటిగా చెప్పాలంటే, చాలావరకు ఇవి రెండు వేర్వేరు లోపాలు. అదీ ఒకదానికొకటి ఎదురు. మొదటిది క్లచ్ పూర్తిగా పట్టకపోవడం, రెండోది పూర్తిగా వదలకపోవడం. సరైన కిట్ వేస్తే మొదటిది పోతుంది. రెండోదానికి మూలం ఎక్కువసార్లు హైడ్రాలిక్స్‌లో, అంటే పెడల్ దగ్గరి మాస్టర్ సిలిండర్, గేర్‌బాక్స్ దగ్గరి స్లేవ్ సిలిండర్, వాటి మధ్య గొట్టం, ఫ్లూయిడ్‌లో ఉంటుంది. దాన్ని వదిలేసి కిట్ ఒక్కటే వేస్తే కొత్త క్లచ్‌తో కూడా గేర్ పడదు, అప్పుడు కిట్‌దే తప్పనుకుంటారు. హైడ్రాలిక్స్‌ని తేల్చుకోవడానికి గేర్‌బాక్స్ దించక్కర్లేదు కాబట్టి ముందు అదే చూడండి.

రెండింటికీ ఒకే కారణం అయ్యే సందర్భాలు లేకపోలేదు. బాగా కాలిపోయిన ప్లేట్ లైనింగ్ (పట్టు ఇచ్చే పైపొర) అరిగి జారుతుంది, వేడికి వంకర తిరిగి వదలకుండా రాసుకుంటుంది కూడా. ఇంకొకటి, ఫ్లూయిడ్ పాతబడి, మాస్టర్ సిలిండర్ పుష్‌రాడ్‌కి (పెడల్ నుంచి పిస్టన్‌ని తోసే కడ్డీకి) ఫ్రీ ప్లే, అంటే కాస్త ఖాళీ కదలిక, లేకుండా బిగిసి ఉండటం. దీని సంగతి కింద చెబుతాను, ఎందుకంటే మంచి క్లచ్‌లు అనవసరంగా మారిపోయేది దీనివల్లే.

ముందు జారుడు సంగతి. హ్యాండ్‌బ్రేక్ వేసి, టాప్ గేర్‌లో క్లచ్ వదిలి ఇంజన్ ఆగిపోతుందా లేదా అని చూసే పాత పరీక్ష మీ కారుకి పనికిరాదు. ఆ పరీక్షలో ఇంజన్ ఇచ్చే టార్క్ (తిప్పే బలం) చాలా తక్కువ. పూర్తిగా చచ్చిన క్లచ్‌నే అది పట్టిస్తుంది. 400 ఎన్ఎం (న్యూటన్ మీటర్లు, టార్క్ కొలమానం) దగ్గర జారే క్లచ్ అందులో సులువుగా పాసైపోతుంది. పైగా అనవసరంగా ప్లేట్‌ని కాలుస్తుంది.

ఖాళీ రోడ్డు మీద, ఇంజన్ పూర్తిగా వేడెక్కాక, నాలుగో గేర్‌లో 2,000 ఆర్పీఎం దగ్గర స్థిరంగా వెళ్తూ ఒక్కసారిగా పూర్తిగా తొక్కండి. కారు కంప్యూటర్ వివరాలు చదివే ఓబీడీ అడాప్టర్‌తో ఆర్పీఎం, వేగం రెండూ రికార్డ్ చేయండి. ఒకే గేర్‌లో ఆ రెండింటి నిష్పత్తి మారకూడదు. ఉదాహరణకి 100 కి.మీ. వేగానికి 3,000 ఆర్పీఎం అయితే, 105 దగ్గర 3,150 ఉండాలి. అక్కడ 3,600 కనిపిస్తే 450 ఆర్పీఎం క్లచ్‌లోనే పోతోంది. 400 ఎన్ఎం టార్క్ మోస్తూ 450 ఆర్పీఎం జారడమంటే దాదాపు 19 కిలోవాట్ల వేడి నేరుగా లైనింగ్‌లోకి దిగుతున్నట్టు. అందుకే జారడం కనిపించగానే కాలు తీసేయండి. రెండు మూడు సెకన్ల రికార్డు చాలు.

ఇక్కడొక తిరకాసు ఉంది. వేగాన్ని జీపీఎస్ నుంచి తీసుకుంటే చక్రాలు గిర్రున తిరిగినా క్లచ్ జారినట్టే కనిపిస్తుంది. గేర్‌బాక్స్ సెన్సర్ నుంచో, ఇంజన్ తిప్పే చక్రాల నుంచో వచ్చే వేగాన్ని చూడండి. చక్రం జారితే ఆ వేగం కూడా ఆర్పీఎంతో పాటే లేస్తుంది. క్లచ్ జారితే లేవదు.

3,000 దగ్గరే ఎందుకు జారుతోందంటే, క్లచ్ మోసేది పవర్‌ని కాదు, టార్క్‌ని. టర్బో ఇంజన్‌లో టార్క్ మధ్య ఆర్పీఎంలోనే తారస్థాయికి చేరుతుంది. 6,000 దగ్గర పవర్ ఎక్కువున్నా టార్క్ తగ్గిపోతుంది కాబట్టి, 3,000 దగ్గర జారిన క్లచ్ పైకి వెళ్లేసరికి మళ్లీ పట్టుకోవచ్చు. ఈ తీరు కనిపిస్తే లైనింగ్ ఇంకా మిగిలే ఉంది, సామర్థ్యమే చాలట్లేదు అని మొదటి అనుమానం పెట్టుకోవచ్చు. అన్ని గేర్లలో, సగం తొక్కినా జారుతుంటే అరుగుడో, ఆయిల్ పడటమో అయ్యుంటుంది.

క్లచ్ సామర్థ్యం లెక్క చిన్నదే. ప్రెషర్ ప్లేట్ నొక్కే బలం × ఘర్షణ గుణకం × సగటు వ్యాసార్ధం × రెండు ముఖాలు. 240 మి.మీ. ప్లేట్, లోపలి వ్యాసం 160 అనుకుంటే సగటు వ్యాసార్ధం 0.1 మీటర్. నొక్కే బలం 7,000 న్యూటన్లు, ఆర్గానిక్ లైనింగ్ గుణకం 0.3 అయితే 420 ఎన్ఎం మోస్తుంది. 350 ఎన్ఎం ఇంజన్‌కి ఇది హాయిగా సరిపోతుంది. రీమ్యాప్ టార్క్‌ని 430కి తీసుకెళ్తే చాలదు. ఆ లైనింగే వేడెక్కి గుణకం 0.25కి పడిపోతే మోసేది 350 మాత్రమే. చల్లగా ఉన్నప్పుడు పట్టి, రెండు మూడుసార్లు గట్టిగా తొక్కాక జారే క్లచ్ వెనకున్న లెక్క ఇదే. రీమ్యాప్ చేసినవాళ్లు మధ్య ఆర్పీఎంలో టార్క్‌ని 40–50 ఎన్ఎం తగ్గించి ఇవ్వగలరేమో అడగండి. టాప్ పవర్ అంతగా పోదు, క్లచ్ బతుకుతుంది. తాత్కాలికంగానైనా ఇది మంచి ఉపాయం.

ఇందాక చెప్పిన ఫ్రీ ప్లే సంగతి. పెడల్ వదిలినప్పుడు మాస్టర్ సిలిండర్ పిస్టన్ పూర్తిగా వెనక్కి రావాలి. అప్పుడే ట్యాంకుకి వెళ్లే చిన్న రంధ్రం తెరుచుకుంటుంది. పుష్‌రాడ్ బిగుసుగా సెట్ అయి ఉంటే ఆ రంధ్రం మూసుకునే ఉంటుంది. ఇంజన్ వేడికి ఫ్లూయిడ్ వ్యాకోచిస్తే పోవడానికి దారి ఉండదు. ఆ ఒత్తిడి స్లేవ్ సిలిండర్‌ని తోస్తుంది, రిలీజ్ బేరింగ్ ప్రెషర్ ప్లేట్ డయాఫ్రమ్ స్ప్రింగ్ ఫింగర్లని నొక్కుతుంది, అంటే మీరు కాలు పెట్టకపోయినా పెడల్ కాస్త తొక్కినట్టే. ప్లేట్ అరిగే కొద్దీ, సాధారణ పుష్ టైప్ (బేరింగ్ ఫింగర్లని నెట్టే) క్లచ్‌లో, డయాఫ్రమ్ ఫింగర్లు గేర్‌బాక్స్ వైపు జరుగుతాయి కాబట్టి ఈ ఇబ్బంది ఇంకా ముదురుతుంది.

పరీక్ష ఇలా. వేడెక్కి జారుతున్నప్పుడే బండి ఆపి, ఇంజన్ ఆపేసి, పెడల్ ముట్టకుండా స్లేవ్ దగ్గర బ్లీడ్ నిపుల్‌ని (ఫ్లూయిడ్, గాలి బయటికి వదిలే స్క్రూని) పావు తిప్పు వదులు చేయండి. నిపుల్‌కి పారదర్శక గొట్టం తగిలించి, కళ్లద్దాలు పెట్టుకుని చేయండి. ఫ్లూయిడ్ చిమ్మినట్టు వస్తే లోపల ఒత్తిడి చిక్కుకుందని అర్థం. నిపుల్ బిగించి నడిపితే కాసేపు జారుడు ఉండదు. మామూలు వ్యవస్థలో ఊరికే నెమ్మదిగా కారుతుంది, అంతే. చాలా కార్లలో పెడల్ దగ్గర 5 నుంచి 15 మి.మీ. ఫ్రీ ప్లే ఇస్తారు. మీ కారు కొలత మాన్యువల్‌లో చూసుకోండి. కొన్ని మోడళ్లలో పుష్‌రాడ్‌కి అడ్జస్ట్‌మెంటే ఉండదు. అక్కడ అరిగిన పెడల్ బుష్, పక్కకి జారిన మ్యాట్, వంగిన స్విచ్ బ్రాకెట్ లాంటివి వెతకాలి.

ఇక గేర్ పడకపోవడం. ముందు ఇంజన్ ఆపి గేర్లన్నీ వేసి చూడండి. ఆపినా బిగుసుగానే ఉంటే అది గేర్ కేబుల్, లింకేజ్ సమస్య, క్లచ్‌ది కాదు. ఆపితే సాఫీగా పడి, ఇంజన్ నడుస్తుంటే మొరాయిస్తే క్లచ్ వదలట్లేదు. బండి నిలబడి ఉన్నప్పుడు కాకుండా నడుస్తుండగా ఏదో ఒక్క గేర్ మాత్రమే గర్రుమంటే సింక్రోనైజర్ (గేర్ పడే ముందు వేగాలు కలిపే రింగ్) అరిగింది.

వదలట్లేదని ఖాయం చేసుకోవడానికి, సమతలంగా ఉన్న చోట, ముందు ఖాళీ ఉంచుకుని, పెడల్ పూర్తిగా తొక్కి ఫస్ట్ వేయండి. బ్రేక్ మీద కాలు సిద్ధంగా ఉంచి నెమ్మదిగా 3,000 దాకా రేస్ చేయండి. బండి పాకుతున్నట్టు కదిలితే డ్రాగ్ (క్లచ్ పూర్తిగా వదలక రాసుకోవడం) ఉంది. తర్వాత పెడల్‌ని నాలుగైదుసార్లు గబగబా తొక్కి గేర్ వేయండి. అప్పుడు సాఫీగా పడితే హైడ్రాలిక్స్‌లో గాలి ఉంది, లేదా మాస్టర్ సీల్ లోపలే వదిలేస్తోంది. పెడల్‌ని ఒక నిమిషం తొక్కి పట్టుకుంటే మెల్లగా బైట్ పాయింట్ (క్లచ్ పట్టుకునే చోటు) జారిపోయి బండి పాకడం మొదలైనా ఇదే అర్థం. ఎన్నిసార్లు పంప్ చేసినా తేడా లేకపోతే లోపలి భాగాలని అనుమానించాలి: వంగిన ప్లేట్, స్ప్లైన్ల (షాఫ్ట్ మీది గాళ్ల) మీద తుప్పు పట్టి జరగని హబ్, బిగుసుకుపోయిన పైలట్ బేరింగ్ (గేర్‌బాక్స్ షాఫ్ట్ ముందు కొసని మోసేది), చీలిన ఫోర్క్.

ఇంత చిన్న గాలి బుడగకి ఇంత గొడవేంటి అనిపించవచ్చు. పెడల్ సుమారు 150 మి.మీ. కదిలితే ప్రెషర్ ప్లేట్ లేచేది 1.5 మి.మీ. అటూ ఇటూ. వందకి ఒకటి. ఆ లేచే దాంట్లోనే ప్లేట్‌కి రెండు వైపులా ఖాళీ రావాలి. పెడల్‌లో 30 మి.మీ. వృథా అయితే 0.3 మి.మీ. పోతుంది, ఒక ముఖం రాసుకోవడం మొదలవుతుంది. ట్విన్ ప్లేట్ క్లచ్‌లో ముఖాలు నాలుగు కాబట్టి ఇంకా సున్నితం.

మీకు వేడెక్కాకే వస్తోంది కాబట్టి ఫ్లూయిడ్ మీదే మొదటి చూపు. క్లచ్ హైడ్రాలిక్స్‌లో ఎక్కువగా వాడే బ్రేక్ ఫ్లూయిడ్ గాల్లో తేమని పీలుస్తుంది. డాట్ 4 అనే గ్రేడ్ ప్రమాణం ప్రకారం కొత్తది కనీసం 230 డిగ్రీల దాకా మరగకూడదు. తేమ పట్టాక ఆ హద్దు 155. మరిగితే ఆవిరి బుడగలొచ్చి, లైన్‌లో గాలి ఉన్నట్టే పెడల్ వృథా అవుతుంది. టర్బో, డౌన్‌పైప్ (టర్బో నుంచి పొగ తీసుకెళ్లే గొట్టం) పక్కనుంచి వెళ్లే క్లచ్ గొట్టానికి అదేమంత దూరం కాదు. ట్యాంక్‌లో ఫ్లూయిడ్ తేనె రంగులో శుభ్రంగా కనిపించినా మోసపోకండి. చాలా కార్లలో బ్రేక్‌కీ క్లచ్‌కీ ట్యాంక్ ఒకటే. బ్రేక్ సర్వీస్‌లో పైన కొత్తది పోస్తారు, క్లచ్ లైన్‌ని ఎవరూ ముట్టుకోరు. స్లేవ్ దగ్గర నిపుల్ తెరిస్తే నల్లగా, సన్నటి రబ్బరు మడ్డితో వస్తుంది. ఆ మడ్డి మాస్టర్ సీల్‌దో స్లేవ్ సీల్‌దో. మడ్డి కనిపిస్తే ఫ్లూయిడ్ మార్పు కొద్దిరోజులకే పనిచేస్తుంది, సిలిండర్లు మార్చాల్సిందే.

బ్లీడింగ్‌కి (లైన్‌లోని పాత ఫ్లూయిడ్‌నీ గాలినీ తీసేయడానికి) అర లీటర్ ఫ్లూయిడ్ చాలు. మూతమీద రాసిన గ్రేడే వాడండి. కొన్ని వ్యవస్థలకి మినరల్ ఆయిల్ వాడతారు, అందులో బ్రేక్ ఫ్లూయిడ్ పడితే సీళ్లన్నీ ఉబ్బిపోతాయి. క్లచ్ పెడల్ బ్లీడింగ్‌లో దానంతట అది లేవకపోవచ్చు, చేత్తో పైకి లాగాలి. గాలి మొండికేస్తే కింద నిపుల్ నుంచి సిరంజితో ఫ్లూయిడ్‌ని పైకి ఎక్కించండి. బుడగ సహజంగా వెళ్లే దారి అదే. ట్యాంక్ పొంగకుండా ముందే కాస్త తీసేయండి.

లీకుల కోసం రెండు చోట్లు. పెడల్ పైన, డాష్ లోపల, మాస్టర్ పుష్‌రాడ్ బూట్ దగ్గర వేలు పెట్టి చూడండి. కార్పెట్ మీదకి కారితే పైన ఏమీ కనిపించదు. స్లేవ్ బయట ఉంటే దాని రబ్బరు బూట్ అంచు ఎత్తండి. లోపల తడి ఉంటే సీల్ పోయింది. నిస్సాన్ 370జెడ్ లాంటి కార్లలో స్లేవ్ గేర్‌బాక్స్ షాఫ్ట్ చుట్టూ, బెల్ హౌసింగ్ (క్లచ్‌ని కప్పే తొడుగు) లోపలే ఉంటుంది. మీదీ అలాంటిదైతే కిట్‌తో పాటు స్లేవ్‌ని కూడా కొత్తది వేయండి. పాతది బాగుందని వదిలేస్తే, అది పోయిన రోజు మళ్లీ గేర్‌బాక్స్ దించాలి.

గేర్ మామూలుగా పడి 6,500 పైన మాత్రమే అడ్డుపడితే కథ వేరు. కొన్ని కార్లలో, ముఖ్యంగా బీఎండబ్ల్యూల్లో, లైన్‌లో క్లచ్ డిలే వాల్వ్ ఉంటుంది. అది ఫ్లూయిడ్ వెనక్కి వచ్చే వేగాన్ని తగ్గిస్తుంది. దానివల్ల క్లచ్ నెమ్మదిగా పట్టుకుంటుంది, త్వరగా గేర్ మార్చేవాళ్లకి క్లచ్ కాలుతుంది. తొక్కేటప్పుడు మాత్రం ఇబ్బంది పెట్టేది ఎక్కువగా ఉబ్బే రబ్బరు గొట్టం, ఫైర్‌వాల్ దగ్గర వంగే పెడల్ బ్రాకెట్. ఒకరు పెడల్ తొక్కుతుంటే ఇంకొకరు మాస్టర్ సిలిండర్ వైపు చూస్తే ఆ వంగడం కంటికే కనిపిస్తుంది.

శబ్దాల గురించి మీరు అడగలేదు గానీ, గేర్‌బాక్స్ దించే ముందు విని ఉంచుకోండి. పెడల్ తొక్కితే వచ్చే కీచు శబ్దం రిలీజ్ బేరింగ్‌ది. గేర్‌లో ఉంచి, పెడల్ తొక్కి, బండి నిలిపి ఉంచినప్పుడే వస్తే పైలట్ బేరింగ్ కావచ్చు. వదిలితే వచ్చి తొక్కితే పోయేది గేర్‌బాక్స్ ఇన్‌పుట్ బేరింగ్, లేదంటే డ్యూయల్ మాస్ ఫ్లైవీల్ (క్లచ్ ఆనుకునే ఇంజన్ చక్రం, మధ్యలో స్ప్రింగులతో రెండు ముక్కలుగా ఉండేది) వల్ల వచ్చే గేర్ల గలగల.

గేర్‌బాక్స్ దించితే ఏం చూడాలి. ప్రెషర్ ప్లేట్ బోల్టులని ఎదురెదురుగా, ఒక్కో తిప్పు చొప్పున వదలండి. ప్లేట్ చేతికి రాగానే తుడవకండి, ముందు చదవండి. రివెట్ తలకీ లైనింగ్ పైభాగానికీ మధ్య లోతు 0.3 మి.మీ. కన్నా తగ్గితే అరిగిపోయినట్టే. లైనింగ్ మందంగా ఉండి గాజులా మెరుస్తుంటే సామర్థ్యం చాలక జారింది. నల్లటి జిగురు ఉంటే వాసన చూడండి. గంధకపు ఘాటు ఉంటే గేర్ ఆయిల్, ఇన్‌పుట్ షాఫ్ట్ సీల్ పోయింది. ఘాటు లేని నల్ల నూనె అయితే క్రాంక్ వెనక సీల్. పల్చగా ఉండి, తగిలిన చోట పెయింట్ లేపితే బ్రేక్ ఫ్లూయిడ్, అది స్లేవ్‌ది. ఆయిల్ తాగిన ప్లేట్‌ని క్లీనర్‌తో కడిగి వేయడం దండగ. నాలుగు రోజుల్లో వేడికి లోపలి నూనె మళ్లీ పైకొస్తుంది.

ఫ్లైవీల్ మీద నీలి మచ్చలు ఒకటి రెండు ఉంటే సాన పట్టించవచ్చు. సన్న పగుళ్లు లోతుగా వెళ్తే మార్చాలి. మెట్టు ఉన్న ఫ్లైవీల్ అయితే రాసుకునే ముఖం నుంచి ఎంత తీస్తే ప్రెషర్ ప్లేట్ కూర్చునే ముఖం నుంచీ అంతే తీయాలి. ఒక్కవైపే తీస్తే నొక్కే బలం పడిపోయి కొత్త క్లచ్ కూడా జారుతుంది. డ్యూయల్ మాస్ అయితే సాన జోలికి వెళ్లొద్దు. చేత్తో తిప్పి ఎంత ఆడుతోందో, పక్కకి ఎంత ఊగుతోందో తయారీదారు హద్దుతో పోల్చండి. చుట్టూ గ్రీజు చిమ్మి ఉంటే దాని పని అయిపోయింది. రీమ్యాప్ చేసిన కార్లలో లోపలి స్ప్రింగులు అదనపు టార్క్‌కి చివరిదాకా నొక్కుకుపోతాయి కాబట్టి దీన్ని తేలిగ్గా తీసుకోవద్దు. సింగిల్ మాస్‌కి మారితే ఐడిల్‌లో గేర్ల గలగల వస్తుంది. అది నచ్చకపోతే ముందే ఆలోచించండి.

ఏ కిట్? 430–450 ఎన్ఎం, రోజూ నడిపే కారు అంటే నా ఓటు ఆర్గానిక్ లైనింగ్, బలమైన ప్రెషర్ ప్లేట్, స్ప్రింగ్ హబ్ ఉన్న ప్లేట్. మీ టార్క్ కన్నా 15–20 శాతం ఎక్కువ మోసేది చాలు. సెరామెటాలిక్ పక్ ప్లేట్ (లోహం, సెరామిక్ కలిపిన దిమ్మెలున్నది) టార్క్ బాగా మోస్తుంది, వేడికి ఆగుతుంది, కానీ ట్రాఫిక్‌లో స్విచ్ వేసినట్టు టక్కున పట్టుకుంటుంది, వణుకుతుంది, ఫ్లైవీల్‌ని తినేస్తుంది. 600 దాటితే అప్పుడు ట్విన్ ప్లేట్ గురించి మాట్లాడుకోవచ్చు.

నొక్కే బలం మరీ పెంచితే పెడల్ బరువెక్కడం ఒక్కటే కాదు, తొక్కిన ప్రతిసారీ ఆ తోపు క్రాంక్ థ్రస్ట్ బేరింగ్ మీద పడుతుంది. సిగ్నల్ దగ్గర పెడల్ తొక్కి కూర్చోకుండా న్యూట్రల్‌లో పెట్టండి. గేర్‌బాక్స్ దించినప్పుడే డయల్ గేజ్‌తో క్రాంక్ ఎండ్ ప్లే (ముందుకీ వెనక్కీ ఎంత కదులుతోందో) కొలిపించుకోండి. అది హద్దు దాటితే బలమైన క్లచ్ వేయడానికి ముందు ఇంజన్ సంగతి చూడాలి.

బిగించేటప్పుడు చెడేవి ఇవే. ప్లేట్ తిరగేసి పెట్టడం. ఫ్లైవీల్ వైపు అని దానిమీదే రాసి ఉంటుంది. తిరగబడితే హబ్ వెళ్లి ఫ్లైవీల్ బోల్టులకి తగిలి క్లచ్ అసలు వదలదు. స్ప్లైన్లకి గ్రీజు ఎక్కువ పెట్టడం. పల్చగా రాసి, హబ్‌ని ఒకసారి జరిపి, బయటికొచ్చింది తుడిచేయాలి. మిగిలింది లైనింగ్ మీదకే చిమ్ముతుంది. గేర్‌బాక్స్ బరువుని ఇన్‌పుట్ షాఫ్ట్ మీద వేలాడదీయడం. ప్లేట్ అక్కడికక్కడే వంగుతుంది, కొత్త కిట్‌తోనే డ్రాగ్ వస్తుంది. ప్లేట్ వేసే ముందే రనౌట్ (తిప్పితే పక్కకి ఊగడం) 0.8 మి.మీ. లోపు ఉందో లేదో చూస్తే, తేడా వస్తే తప్పు ఎక్కడ జరిగిందో తెలుస్తుంది. సెల్ఫ్ అడ్జస్టింగ్ (అరుగుదలకి తనంతట తానే సర్దుకునే) ప్రెషర్ ప్లేట్ అయితే దాని ప్రత్యేక టూల్ లేకుండా బోల్టులతో లాగి బిగించకూడదు. లోపలి రింగ్ జరిగిపోతే ఎంత బ్లీడ్ చేసినా గేర్ పడదు. ఫ్లైవీల్ బోల్టులు యాంగిల్ టైటెనింగ్ (డిగ్రీల లెక్కన తిప్పి బిగించే) రకమైతే కొత్తవే వాడాలి. వాటి రంధ్రాలు ఇంజన్ లోపలికి తెరుచుకునే రకమైతే త్రెడ్ సీలెంట్ తప్పనిసరి. లేకపోతే ఆ సందులోంచి వచ్చే నూనెని చూసి వెనక సీల్ పోయిందనుకుంటారు.

లాన్సర్ ఎవల్యూషన్ 9లో లాంటి పుల్ టైప్ (బేరింగ్ ఫింగర్లని లాగే) క్లచ్ అయితే, గేర్‌బాక్స్ లాగకముందే ఫోర్క్ కిటికీలోంచి రిలీజ్ బేరింగ్‌ని ప్రెషర్ ప్లేట్ నుంచి విడదీయాలి. మర్చిపోయి లాగితే ఫోర్కో బేరింగో విరుగుతుంది. లోపల స్లేవ్ ఉన్న కార్లలో గేర్‌బాక్స్ ఎక్కించకముందు పెడల్ తొక్కితే పిస్టన్ బయటికి దూకేస్తుంది.

కొత్త ప్లేట్‌ని 800 కి.మీ. దాకా ఊళ్లో ఆగుతూ కదులుతూ నడపండి. హైవే మీద ఒకే గేర్‌లో పోయిన కిలోమీటర్లు ఈ లెక్కలోకి రావు, ఎందుకంటే అక్కడ లైనింగ్ రాసుకునే పనే లేదు. ఈలోపు ఫుల్ త్రాటిల్, లాంచ్‌లు వద్దు, వీలైతే కంపెనీ ఇచ్చిన స్టాక్ మ్యాప్ వేయించుకోండి. ఆ తర్వాత మొదట చేసిన నాలుగో గేర్ పరీక్షే మళ్లీ చేసి రెండు రికార్డులూ పక్కపక్కన పెట్టి చూడండి.